అరిసె తిన్న మర్నాడు



సంక్రాంతి సెలవులు అయిపోయాయి. పిల్లలు మళ్లీ యూనిఫాం వేసుకుని స్కూలు బస్సు ఎక్కుతున్నారు. ఇంట్లో అరిసెల డబ్బా అడుగు కనిపిస్తోంది. జనవరి ఒకటో తేదీన పట్టుదలగా మొదలుపెట్టిన వాకింగ్ చాలామందికి భోగి నాటికే ఆగిపోయి ఉంటుంది. ఇప్పుడు బరువు చూసుకుంటే మిషన్ రెండు కిలోలు ఎక్కువ చూపిస్తోంది. "నా వల్ల కాదు, నా ఒళ్లే ఇంత" అనుకుంటున్న అమ్మలకు, నాన్నలకు ఈ నెల పాఠం.

పిల్లల చదువు గురించి రాయవలసిన చోట పెద్దల బరువు గురించి ఎందుకని మీరు అడగవచ్చు. కారణం ఉంది. అనుకున్నది జరగనప్పుడు మిమ్మల్ని మీరు ఏమనుకుంటారో మీ పిల్లలు రోజూ వింటున్నారు. రేపు యూనిట్ టెస్టులో మార్కులు తగ్గినప్పుడు వాళ్లు తమను తాము అనుకోబోయే మాటలు కూడా అవే. అందుకే ఈ పాఠం పెద్దలకూ పనికొస్తుంది, పిల్లలకూ పనికొస్తుంది.

చెప్పదలచిన విషయం ఒక్కటే. ఒక పూట ఎక్కువ తిన్నందువల్ల జరిగే నష్టం చాలా కొంచెం. ఆ తర్వాత మనల్ని మనం తిట్టుకున్నందువల్ల జరిగే నష్టం చాలా ఎక్కువ. అదెలాగో చూద్దాం.

"ఎలాగూ పోయింది కదా"

పండక్కి పుట్టింటికి వెళ్లారు. ఒక్క అరిసె తిందామనుకుని రెండు తిన్నారు. అప్పుడు మనసులో ఒక మాట వస్తుంది: "ఎలాగూ డైట్ పోయింది కదా, ఇవాళ్టికి తినేద్దాం, సోమవారం నుంచి మళ్లీ చూద్దాం." ఆ మాట తర్వాత రెండు అరిసెలు నాలుగవుతాయి, వాటికి పాకుండలు తోడవుతాయి. ఆ సోమవారం పోయి ఇంకో సోమవారం వస్తుంది.

ఇది మీ ఒక్కరి బలహీనత అనుకోకండి. 1975లో పీటర్ హెర్మన్, డెబొరా మాక్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు దీని మీద ఒక ప్రయోగం చేశారు. కొందరికి ముందుగా మిల్క్‌షేక్ తాగించారు. తర్వాత రుచి చూసి చెప్పమని ఐస్‌క్రీం ఇచ్చి, కావలసినంత తినమన్నారు. తిండి విషయంలో మామూలుగా ఉండేవాళ్లు మిల్క్‌షేక్ తాగిన తర్వాత ఐస్‌క్రీం తక్కువ తిన్నారు. కడుపు నిండింది కాబట్టి అది సహజమే. ఎప్పుడూ నోరు కట్టుకుని ఉండేవాళ్లు మాత్రం మిల్క్‌షేక్ తాగాక ఐస్‌క్రీం ఇంకా ఎక్కువ తిన్నారు. కట్టుబాటు ఒకసారి తెగింది కాబట్టి ఇక ఎంత తిన్నా ఒకటే అనిపించింది వాళ్లకు. హెర్మన్, ఆయనతో కలిసి పనిచేసిన జానెట్ పోలివీ ఈ ధోరణి మీద ఆ తర్వాత ఏళ్ల తరబడి పరిశోధన చేశారు. మన మాటల్లో దీన్ని "ఎలాగూ పోయింది కదా" రోగం అనవచ్చు.

ఈ రోగానికి మూలం ఆకలి కంటే ఆలోచనలోనే ఎక్కువ. "పూర్తిగా పాటించాలి, లేకపోతే పూర్తిగా పోయినట్టే" అనే లెక్క అది. ఏడాదికి 365 రోజులు. అందులో మూడు రోజులు పండగ తిండి తిన్నా ఇంకా 362 రోజులు మిగిలే ఉంటాయి. మనల్ని మనం తిట్టుకునేటప్పుడు ఈ లెక్క గుర్తుకు రాదు.

మన ఇళ్లకు వచ్చి వెళ్లిన డైట్లు

2017, 2018 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ గారి ఆహార పద్ధతి గురించి మాట్లాడుకోని తెలుగు ఊరు లేదంటే అతిశయోక్తి కాదు. అన్నం, చపాతీ పూర్తిగా మానేయడం, కొబ్బరి నూనె వంటి కొవ్వు తీసుకోవడం, నిమ్మరసం, ఎక్కువ నీళ్లు. అంతకు చాలా ముందు నుంచే మంతెన సత్యనారాయణరాజు గారి మాటలు విని ఉప్పు లేని వంటలు, పచ్చికూరల రసాలు మొదలుపెట్టిన ఇళ్లు ఉన్నాయి. ఇప్పుడు ఫోన్ తీస్తే పదహారు గంటల ఉపవాసం, ప్రొటీన్ పొడి, ఇంకా ఎన్నో.

వీటిలో ఏది మంచిది, ఏది కాదు అన్నది ఈ పాఠం విషయం కాదు. మనం గమనించవలసింది వేరే ఉంది. ఇలాంటి కఠినమైన పద్ధతి మొదలుపెట్టినవాళ్లు ఏదో ఒక రోజు పెళ్లి భోజనానికి కూర్చుంటారు. లేదా జ్వరం వచ్చి మెత్తటి అన్నం తింటారు. లేదా ఇంట్లో అందరికీ ఒక వంట, తనకొక వంట చేసుకోలేక విసిగిపోతారు. అక్కడ ఆగిపోయినవాళ్లలో ఎక్కువమంది "ఆ పద్ధతి నా ఇంటికి, నా పనికి కుదరలేదు" అనుకోరు. "నాకు పట్టుదల లేదు" అనుకుంటారు. కుదరని చెప్పు కరిస్తే చెప్పు మారుస్తాం, పాదాన్ని తిట్టుకోం. తిండి విషయంలో మాత్రం పాదాన్నే తిట్టుకుంటున్నాం.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో 17 సూచనలు ఉన్నాయి. బరువు తగ్గడం నెమ్మదిగా జరగాలనీ, వారానికి అర కిలో చొప్పున తగ్గితే క్షేమమనీ అవి చెబుతాయి. అంటే నెలకు రెండు కిలోలు. మన వాట్సాప్‌లో తిరిగే వీడియోలు పది రోజుల్లో ఎన్ని కిలోలు తగ్గవచ్చని చెబుతున్నాయో ఒకసారి పోల్చి చూసుకోండి. ఆశే అంత పెద్దది పెట్టుకుంటే నిరాశ కూడా అంతే పెద్దది అవుతుంది.

పండగ కిలోలు ఎక్కడివి?

ఒక కిలో కొవ్వు ఒంటికి పట్టాలంటే మన ఖర్చుకు మించి సుమారు 7,700 కేలరీలు తినాలి. ఒక మనిషి మూడు నాలుగు రోజులు తినే మొత్తం తిండికి అది సమానం. మూడు రోజుల పండగలో రోజూ తినే తిండికి అదనంగా ఇంత తినడం తేలిక కాదు. మరి మిషన్ రెండు కిలోలు ఎందుకు చూపిస్తోంది?

అందులో ఎక్కువ భాగం నీరు. మనం తిన్న పిండి పదార్థాన్ని శరీరం కండరాల్లో, కాలేయంలో గ్లైకోజెన్ అనే రూపంలో దాచుకుంటుంది. ఒక్కో గ్రాము గ్లైకోజెన్‌తో పాటు సుమారు మూడు గ్రాముల నీరు కూడా నిలవ ఉంటుంది. పండగ పిండివంటల్లో బియ్యప్పిండి, బెల్లం ఎక్కువ. పులిహోర, గారెలు, కనుమ నాటి మాంసం కూరలతో ఉప్పు కూడా ఎక్కువవుతుంది. ఉప్పు నీటిని పట్టి ఉంచుతుంది. మామూలు తిండికి తిరిగి వస్తే ఈ నీరు కొద్ది రోజుల్లో దానంతటదే పోతుంది. కొత్త డైట్ మొదటి వారంలో గబగబా తగ్గే బరువులో కూడా చాలా భాగం ఈ నీరే. కాబట్టి అప్పుడు మురిసిపోవడం, ఇప్పుడు కుంగిపోవడం రెండూ అనవసరం.

ఇంకో సంగతి కూడా తెలుసుకోవాలి. తగ్గిన బరువు మళ్లీ పెరగడానికి శరీరం కూడా తన వంతు పనిచేస్తుంది. 2011లో ఆస్ట్రేలియా పరిశోధకులు లావుగా ఉన్న 50 మందికి పది వారాలు చాలా తక్కువ కేలరీల ఆహారం ఇచ్చారు. వాళ్ల బరువు బాగా తగ్గింది. దానితో పాటు ఆకలిని పెంచే హార్మోన్లు పెరిగాయి, కడుపు నిండిందని చెప్పే హార్మోన్లు తగ్గాయి. ఏడాది తర్వాత చూసినా ఆ మార్పులు పూర్తిగా సర్దుకోలేదు. కరువు వచ్చిందనుకుని శరీరం తనను తాను కాపాడుకుంటోందన్నమాట. బరువు తగ్గినవాళ్లకు ఆకలి ఎక్కువ వేయడం వాళ్ల గుణంలోని లోపం కాదు. ఆ సంగతి తెలిస్తే తిట్టుకోవడం తగ్గి, ఆకలికి ముందే ఏర్పాటు చేసుకోవడం మొదలవుతుంది.

దయ వేరు, గారాబం వేరు

"తిట్టుకోకపోతే ఇంక భయమేముంటుంది? ఇష్టం వచ్చినట్టు తినేస్తాం కదా" అని చాలామందికి సందేహం. పిల్లల విషయంలో కూడా మనం ఇలాగే ఆలోచిస్తాం. అందుకే దయకు, గారాబానికి తేడా చూసుకోవాలి.

పిల్లవాడికి జ్వరం వచ్చి ఐస్‌క్రీం అడిగితే ఇచ్చేయడం గారాబం. జ్వరం వచ్చిందని చెంప మీద కొట్టడం క్రూరత్వం. పక్కన కూర్చుని, నుదుటి మీద తడిగుడ్డ వేసి, చేదుగా ఉన్నా మందు తాగించడం దయ. అంటే దయలో మందు కూడా ఉంటుంది. మీ పట్ల మీరు చూపించవలసిన దయ కూడా ఇలాంటిదే.

అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో పనిచేసే క్రిస్టిన్ నెఫ్ 2003 నుంచి ఈ విషయం మీద రాస్తున్నారు. తన పట్ల తనకు దయ అంటే మూడు పనులని ఆమె చెబుతారు. ఒకటి, తప్పు జరిగినప్పుడు దగ్గరి స్నేహితురాలితో మాట్లాడినంత మెత్తగా మనతో మనం మాట్లాడుకోవడం. రెండు, ఇలా తడబడేది నేనొక్కదాన్నే కాదు, నేనొక్కడినే కాదు, మనుషులందరూ తడబడతారని గుర్తు చేసుకోవడం. మూడు, జరిగినదాన్ని పెంచకుండా, తుంచకుండా ఉన్నదున్నట్టు చూడడం. "రెండు అరిసెలు ఎక్కువ తిన్నాను" అన్నది ఉన్నదున్నట్టు. "నేను దేనికీ పనికిరాను" అన్నది పెంచి చెప్పడం. "అసలు ఏం తిన్నాను గనక" అన్నది తుంచి చెప్పడం.

ఇలా మెత్తగా మాట్లాడుకుంటే నిజంగా తిండి పెరుగుతుందా? 2007లో క్లెయిర్ ఆడమ్స్, మార్క్ లియరీ అనే పరిశోధకులు కళాశాల విద్యార్థినులతో ఒక ప్రయోగం చేసి చూశారు. ముందుగా డోనట్ అనే తీపి తినిపించారు. తర్వాత కొందరితో మాత్రం, "అందరూ అప్పుడప్పుడు ఇలాంటివి తింటారు, దీనికి మిమ్మల్ని మీరు బాధపెట్టుకోకండి" అన్న అర్థంలో నాలుగు మాటలు మాట్లాడారు. మిగతావాళ్లతో ఏమీ అనలేదు. ఆ తర్వాత చాక్లెట్లు, మిఠాయిలు ముందు పెట్టి రుచి చెప్పమన్నారు. ఎప్పుడూ నోరు కట్టుకునే అమ్మాయిల్లో, ఓదార్పు మాటలు విన్నవాళ్లు వినని వాళ్లకంటే తక్కువ తిన్నారు. ఇది చిన్న ప్రయోగమే. అయినా "తిట్టుకుంటేనే అదుపు ఉంటుంది" అన్న మన నమ్మకాన్ని ఒకసారి పరీక్షించుకోమని చెబుతోంది.

తిత్లీ తర్వాత తోటలో

ఈ పాఠానికి మన ప్రాంతంలోనే ఒక పోలిక ఉంది. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస చెట్లు వేళ్లతో సహా కూలిపోయాయి. ఆ రోజులు మీలో చాలామందికి కళ్లముందే ఉన్నాయి.

తెల్లవారాక తోటకు వెళ్లిన రైతు ముందుగా చేసింది ఏమిటి? ఏం పోయిందో, ఏం మిగిలిందో చూసుకున్నాడు. పడినదాన్ని తొలగించాడు. మిగిలిన చెట్టుకు నీళ్లు పెట్టాడు. ఖాళీ అయిన చోట మళ్లీ మొక్క నాటాడు. నాటు కొబ్బరి కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుందని తెలిసీ నాటాడు. నిల్చున్న నాలుగు చెట్లను కూడా "ఎలాగూ పోయింది కదా" అని నరికేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

తుఫాను మన చేతిలో లేదు, అరిసె మన చేతిలోనే ఉంది కదా అని మీరు అనవచ్చు. నిజమే. కారణాలు వేరు. కానీ మర్నాడు పొద్దున చేయవలసిన పని రెండు చోట్లా ఒకటే. మిగిలినదాన్ని లెక్క చూసుకోవాలి, కాపాడుకోవాలి. డిసెంబరులో అలవాటైన పొద్దున్నే లేవడం మిగిలే ఉంది. టీలో తగ్గించిన చక్కెర మిగిలే ఉంది. రాత్రి భోజనం త్వరగా చేసే అలవాటు మిగిలే ఉంది. అవన్నీ నిల్చున్న చెట్లు.

మిషన్ చూపించనివి

బరువు తగ్గడం లేదని నడక ఆపేసేవాళ్ల కోసం మరొక సంగతి. చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం మధుమేహం వచ్చే దశలో ఉన్న 531 మందిని దాదాపు మూడేళ్లు గమనించి 2006లో ఫలితాలు ప్రచురించింది. ఆహారం, నడక విషయంలో సలహాలు పాటించినవాళ్లకు మధుమేహం వచ్చే అవకాశం 28.5 శాతం తగ్గింది. ఇక్కడ గమనించవలసిన విషయం, వాళ్ల బరువులో చెప్పుకోదగ్గ మార్పు లేకపోయినా ఈ లాభం కలగడం.

మిషన్ మీద అంకె కదలకపోయినా లోపల మేలు జరుగుతూ ఉండవచ్చునన్నమాట. అందుకే బరువు ఒక్కటే కొలతగా పెట్టుకోకండి. నడుం చుట్టుకొలత టేపుతో చూసుకోండి. భారతీయుల్లో మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలి. మెట్లు ఎక్కితే ఆయాసం తగ్గిందా, రాత్రి నిద్ర పడుతోందా, బీపీ, షుగరు ఎలా ఉన్నాయి? ఇవి కూడా ప్రోగ్రెస్ కార్డులోని సబ్జెక్టులే. ఒక్క సబ్జెక్టులో మార్కులు చూసి పిల్లవాడు ఫెయిలయ్యాడని మనం చెప్పం కదా.

ఉద్దానం వాళ్లకు ఒక ప్రత్యేక జాగ్రత్త

తిట్టుకోవడం వల్ల ఇంకో ప్రమాదం ఉంది. కుంగిపోయిన మనిషి త్వరగా ఫలితం చూపించే దారులు వెతుకుతాడు. పూటల తరబడి పస్తులు, ప్రొటీన్ పొడులు, పేరు తెలియని మూలికా మందులు, రోజంతా చెమట పట్టించే వ్యాయామాలు. ఎక్కడైనా ఇవి ప్రమాదమే. మన దగ్గర ఇంకా ఎక్కువ ప్రమాదం.

కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ వ్యాధి ఎన్ని ఇళ్లను కష్టపెట్టిందో మీకు చెప్పనక్కరలేదు. దానికి కచ్చితమైన కారణం ఇంకా తేలలేదు. ఈ వ్యాధి మొదటి దశల్లో నొప్పి గానీ, గుర్తుపట్టే లక్షణం గానీ ఉండకపోవచ్చు. అందువల్ల మూడు మాటలు గుర్తుంచుకోండి.

మొదటిది, ఏ డైట్ అయినా మొదలుపెట్టే ముందు రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్, బీపీ, షుగరు పరీక్ష చేయించుకోండి. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ రీసెర్చ్ సెంటర్, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. ఒకప్పటిలా విశాఖపట్నం దాకా వెళ్లాలేమో అని పరీక్ష వాయిదా వేయకండి.

రెండోది, డాక్టరును అడగకుండా ప్రొటీన్ పొడులు వాడకండి. ఎక్కువైన ప్రొటీన్ పొడుల వల్ల మూత్రపిండాలకు హాని కలగవచ్చని పైన చెప్పిన 2024 మార్గదర్శకాలు కూడా హెచ్చరించాయి. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు ఎంత నీరు తాగాలో, ఎంత పప్పు తినాలో కూడా డాక్టరే చెప్పాలి. ఫోన్‌లో చూసిన లెక్క అందరికీ పనికిరాదు.

మూడోది, కొత్తగా నడక మొదలుపెట్టి మోకాళ్లు నొప్పి పుడితే మందుల షాపులో నొప్పి బిళ్లలు కొనుక్కుని రోజూ మింగకండి. వాటిలో చాలా రకాలు కిడ్నీల మీద భారం వేస్తాయి. నడక తగ్గించి, నొప్పి తగ్గాక మళ్లీ మెల్లగా పెంచుకోవడమే ఒంటికి చేసే దయ.

పిల్లలు వింటున్నారు

"ఏటే, ఇంత ఒళ్లు చేసినావు!" పెళ్లిళ్లలో, పండగల్లో మనవాళ్లు ప్రేమగానే అంటారు. "చిక్కిపోయావేటి, తిండి తినట్లేదేటి?" అని కూడా అదే ప్రేమతో అంటారు. పన్నెండు, పదమూడేళ్ల అమ్మాయికి ఆ మాట ఎలా తగులుతుందో అన్నవాళ్లకు తెలియదు. అంతకంటే ఎక్కువగా తగిలేది, అమ్మ అద్దం ముందు నిలబడి తనను తాను అనుకునే మాట. "ఛీ, ఎలా తయారయ్యానో చూడు" అని అమ్మ అన్నప్పుడు, అమ్మ పోలికలున్న కూతురు దాన్ని తనకు కూడా కలిపి వింటుంది.

అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2016లో వైద్యులకు, కుటుంబాలకు ఇచ్చిన సలహాలు ఇక్కడ పనికొస్తాయి. ఎదిగే పిల్లలను డైట్లు చేయమని ప్రోత్సహించవద్దు. ఇంట్లో బరువు గురించి మాటలు తగ్గించండి, మీ సొంత బరువు గురించిన మాటలు కూడా. బరువు పేరుతో వేళాకోళం చేయవద్దు. వీలైనన్ని పూటలు ఇంటిల్లిపాదీ కలిసి తినండి. ఈ నాలుగూ పాటించిన ఇళ్లలో పిల్లలు లావైపోతారని భయపడనక్కరలేదు. బరువు గురించి మాట్లాడకుండానే మంచి తిండి పెట్టవచ్చు, సాయంత్రం ఆటలకు పంపవచ్చు.

మార్కుల సంగతి కూడా ఇంతే. "ఈసారి లెక్కల్లో తగ్గాయి, ఏ చాప్టరు దగ్గర తడబడ్డావో చూద్దాం" అన్నది ఒక పద్ధతి. "నువ్వింతే, నీకు లెక్కలు రావు" అన్నది ఇంకో పద్ధతి. రెండోది విన్న పిల్లవాడు కూడా "ఎలాగూ పోయింది కదా" అని పుస్తకం మూసేస్తాడు. మొదటి పద్ధతి మనం పిల్లల మీద వాడాలంటే, ముందు మన మీద మనం వాడి అలవాటు చేసుకోవాలి.

తప్పిన మర్నాడు చేయవలసిన పనులు

1. సోమవారం కోసం ఆగకండి. తర్వాతి పూట నుంచే మామూలు తిండికి వచ్చేయండి. మధ్యాహ్నం ఎక్కువైతే రాత్రికి పస్తు వద్దు. పస్తు ఉంటే మర్నాడు ఆకలి రెట్టింపై మళ్లీ తప్పుతుంది. రెండు ఇడ్లీలో, చోడి అంబలో, కూర ఎక్కువ పెట్టుకుని కాస్త అన్నమో తినండి.

2. మూడు నాలుగు రోజులు మిషన్ ఎక్కకండి. నీటి బరువు సర్దుకోనివ్వండి. ఆ తర్వాత వారానికి ఒకసారి, ఒకే రోజు, ఒకే సమయంలో చూసుకుంటే చాలు.

3. జరిగింది ఒక్క వాక్యంలో రాసుకోండి. "శనివారం పెళ్లిలో బూరెలు ఎక్కువ తిన్నాను, పొద్దుటి నుంచి ఏమీ తినలేదు" అని. కారణం అందులోనే దొరుకుతుంది. వచ్చే పెళ్లికి ఆకలితో వెళ్లకుండా ఇంట్లోనే కాస్త తిని బయల్దేరండి.

4. నడక ఆగిపోతే మళ్లీ మొదట్లోలా పది నిమిషాలతో మొదలుపెట్టండి. ఆగినచోటు నుంచే అందుకోవాలని పంతం వద్దు. పక్కింటి వదినో, ఆఫీసులో స్నేహితుడో తోడుంటే ఇంకా మంచిది.

5. ఇంట్లో ఉన్నదాన్ని శత్రువుగా చూడకండి. పలాస జీడిపప్పు అరచేతిలో పది పలుకులు తింటే తప్పు లేదు. డబ్బా పక్కన పెట్టుకుని టీవీ చూస్తేనే చిక్కు. చిన్న గిన్నెలో వేసుకుని డబ్బా లోపల పెట్టేయండి. పనసకాయ కూర, మునగాకు, తోటకూర కంచంలో సగం నిండితే అన్నం దానంతటదే తగ్గుతుంది.

6. తిండి ఆపుకోలేకపోవడం తరచూ జరుగుతుంటే, తిన్నది బలవంతంగా కక్కాలనిపిస్తుంటే, లేదా దిగులు వారాల తరబడి తగ్గకపోతే దాన్ని క్రమశిక్షణ లోపం అనుకోకండి. డాక్టరును కలవండి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ఖర్చు లేదు.

ఈ నెల ఇంటి అభ్యాసం

పిల్లలకు హోంవర్క్ ఉన్నట్టే ఈ నెల మీకూ ఒకటి. ఒక నోట్‌బుక్‌లో పేజీని రెండు భాగాలు చేయండి. ఎడమ వైపు మీరు మిమ్మల్ని అనుకునే మాట రాయండి. కుడి వైపు, అదే తప్పు మీ చెల్లెలో, మీ ప్రాణ స్నేహితుడో చేసి వచ్చి చెప్పుకుంటే మీరు ఏమంటారో రాయండి.

ఎడమ: "పండగకి అంతా పాడు చేసుకున్నాను."
కుడి: "మూడు రోజులు ఎక్కువ తిన్నావు. రేపు పొద్దున్న నడకకి నేనూ వస్తాను."

ఎడమ: "ఆరు నెలలుగా రెండు కిలోలే తగ్గాను, సిగ్గుగా ఉంది."
కుడి: "ఆరు నెలలుగా వదల్లేదు కదా. బీపీ ఎంత ఉందో చూపించుకున్నావా?"

ఎడమ: "నన్ను చూసి అందరూ నవ్వుతున్నారు."
కుడి: "ఒకరిద్దరు అని ఉంటారు. నీ మోకాళ్లు నీవి, నీ గుండె నీది. దానికోసం నడువు."

వారం రోజులు రాశాక కుడి వైపు మాటలు మాత్రం ఒకసారి పైకి చదవండి. పిల్లలు ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల్లో ఉంటే వాళ్లను కూడా మార్కుల విషయంలో ఇదే పేజీ రాయమనండి. ఎడమ వైపు ఏం రాశారో చూపించమని అడగవద్దు, అది వాళ్ల సొంతం. కుడి వైపు మాటలు దొరకక ఆగిపోతే మాత్రం సాయం చేయండి. వచ్చే నెల పేరెంట్స్ మీటింగుకు వచ్చినప్పుడు, రాయడానికి ఏ మాట అన్నిటికంటే కష్టమనిపించిందో క్లాస్ టీచరుతో పంచుకోండి.

అరిసెల డబ్బాలో ఇంకా రెండు మిగిలి ఉంటే, సాయంత్రం పిల్లలు వచ్చాక అందరూ తలో ముక్క పంచుకుని తినండి. రేపు పొద్దున్న చెప్పులు వేసుకుని పది నిమిషాలు నడిచి రండి.